పెద్దకర్మ నాడు నాలుగు మాటలు: ఎలా సిద్ధం చేసుకోవాలి

మా తాతయ్య పెద్దకర్మకి నేను ఏడు పేజీలు రాసుకెళ్లాను. రెండో పేరాలోనే గొంతు పూడుకుపోయింది. మూడో పేజీకి వచ్చేసరికి టెంటు వెనకాల మొదటి బంతికి విస్తళ్లు వేసేశారు. మా బాబాయి పక్కకొచ్చి "చాల్లేమ్మా, అందరికీ అర్థమైంది" అని మెల్లగా మైకు తీసుకున్నాడు. ఆ కాగితాలు ఇప్పుడు చూస్తే నాకే సిగ్గేస్తుంది. అజాతశత్రువు, నిగర్వి, తీరని లోటు. పేరు మార్చి ఊళ్లో ఏ పెద్దాయన ఫ్లెక్సీ మీదైనా అచ్చు వేసుకోవచ్చు.

పన్నెండేళ్ల తర్వాత మా నాన్న పోయినప్పుడు నాలుగు నిమిషాలు మాట్లాడాను. ఆ మాటలు ఇప్పటికీ కాలవ గట్టు మీద ఎవరో ఒకరు నాకే తిరిగి చెప్తుంటారు. అప్పటినుంచి చుట్టుపక్కల వాళ్లు "మాకూ కాస్త రాసిపెట్టండి టీచరుగారూ" అని వస్తున్నారు. మీ ఇంట్లో ఎవరైనా పోయి, మాట్లాడే పని మీ మీద పడి ఉంటే ఒక నోటుబుక్కు తీసుకోండి. ఇప్పుడే రాయడానికి కాదు, నలుగురినీ అడిగి తెలుసుకోవడానికి.

మైకు ఎవరి చేతిలో ఉంది?

రాయడం కంటే ముందు ఇది కనుక్కోవాలి. మన కోనసీమవైపు మామూలుగా రేవు దగ్గర కార్యక్రమం ముగిసి, ఇంటికొచ్చి, ఫోటోకి దండ వేశాక, భోజనాలకి ముందు మాటలు ఉంటాయి. జనం పొద్దున్నించీ ఎండలో ఉంటారు. సగం మంది రావులపాలెం వెళ్లే బస్సో, నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటో అందుకోవాలి. మీకు మూడు నుంచి ఐదు నిమిషాలు. అంతకు మించి దొరికినా వాడుకోకండి.

క్రైస్తవ కుటుంబమైతే పాస్టరుగారిని అడగండి. చాలాచోట్ల భూస్థాపన రోజున జీవిత చరిత్ర అని ఒకటి చదువుతారు, ఆదరణ కూడికలో సాక్ష్యాలకి చోటిస్తారు. మీ వంతు వాక్యానికి, అంటే ఆయన ప్రసంగానికి, ముందో తర్వాతో తెలిస్తే, పాస్టరుగారు చెప్పబోయేదే మీరూ చెప్పకుండా ఉంటారు. భూస్థాపన మర్నాడే అయితే మీ చేతిలో ఉన్నది ఒక్క రాత్రి. అప్పుడు ఒకే ఒక్క సంగతి చెప్పి, మిగతాది కూడికకి ఉంచుకోండి. యూనియనో పార్టీయో పెట్టే సంస్మరణ సభ వేరు. అక్కడ బయట చేసిన పనులు చెప్పేవాళ్లు బోలెడుమంది ఉంటారు కాబట్టి ఇంటి మనిషి ఇంటి సంగతే చెప్పాలి.

పలకరింపుల రోజులే మీకు దొరికే సమయం

పెద్దకర్మ దాకా ఉండే ఆ పది రోజులూ మనుషులు వస్తూనే ఉంటారు. అరుగు మీద కూర్చుంటారు, ఒక గ్లాసు మంచినీళ్లు తాగుతారు, ఏదో ఒకటి చెప్తారు. ఆ చెప్పేదంతా మనం వింటున్నట్టే ఉంటాం కానీ ఒక్కటీ చెవికెక్కదు. నోటుబుక్కు అందుకే. ఎవరైనా లేచి వెళ్లగానే లోపలికెళ్లి రెండు ముక్కలు గీసుకోండి. వాళ్ల ముందు రాస్తే మాట ఆగిపోతుంది.

"ఆయన ఎలాంటివారండీ?" అని మాత్రం అడక్కండి. "దేవుడండీ బాబూ" అంటారు, అక్కడితో అయిపోతుంది. మా తాతయ్య గురించి నేను రాసిన ఏడు పేజీలూ ఆ ప్రశ్నకొచ్చిన జవాబులే. ఇలా అడగండి: "ఆయనతో మీకు ఎప్పుడైనా మాట తేడా వచ్చిందా?" "మీ ఇంటికొస్తే ఎక్కడ కూర్చునేవారు?" "పదేపదే అనే మాట ఏదైనా ఉందా?" "ఆయన దగ్గర ఏం నేర్చుకున్నారు, ఏం అప్పు తీసుకున్నారు?" మాట తేడా గురించి అడిగితే మొదట మొహమాటపడతారు, తర్వాత నవ్వుతారు. ఆ నవ్వు వెనకాల ఉన్నదే మీకు కావాల్సింది.

ఎవరిని అడగాలన్నదీ చూసుకోవాలి. కార్లో వచ్చి దండేసి వెళ్లే పెద్దమనిషి దగ్గర మీకేమీ దొరకదు. కొబ్బరి దింపు తీసే మనిషిని, టీకొట్టాయన్ని, ఊడ్పులకొచ్చే ఆడవాళ్లని, బడిలో కలిసి చదువుకున్నవాళ్లని అడగండి. మా నాన్న కాలవ లస్కరు. తూముల షట్టర్లు ఎత్తడం, దించడం, గట్టు చూసుకోవడం, రెండో పంట దాళ్వాలో వంతుల ప్రకారం బోదెలకి, అంటే చేలకి వెళ్లే పిల్లకాలవలకి, నీళ్లు వదలడం ఆయన పని. ఆయన గురించి నాకు బాగా పనికొచ్చిన సంగతి మా చుట్టాలెవరూ చెప్పలేదు. శివారు పొలం కౌలుకి చేసుకునే ఒక ముసలాయన చెప్పాడు. ఆయన వచ్చినప్పుడు ఇంట్లో ఎవరూ కుర్చీ కూడా వేయలేదు.

ఏళ్లు సరిచూసుకోవడం

ఆధార్‌లో మా నాన్న పుట్టినరోజు జనవరి 1. మా వీధిలో ఆయన ఈడు వాళ్లు మరో నలుగురు జనవరి 1నే పుట్టారు! కాబట్టి కార్డు చూసి రాసేయకండి. మన పెద్దవాళ్లు ఏళ్లని అంకెల్లో చెప్పరు, నీళ్లతోనూ గాలితోనూ చెప్తారు. దాన్ని అంకెల్లోకి మార్చుకోవాల్సింది మనమే. "కొబ్బరిచెట్లన్నీ పడిపోయిన తుపాను" అంటే కోనసీమలో 1996 నవంబరు 6 రాత్రి. "పెద్ద వరద" అంటే 1986 ఆగస్టు. బాగా పెద్దవాళ్ల నోట అదే మాట 1953 వరద కావచ్చు, ఏదో అడిగి తెలుసుకోండి. "పుష్కరాల ఏడు" అంటే గోదావరి పుష్కరాలు వచ్చిన 1979, 1991, 2003, 2015లో ఏదో ఒకటి, ఇంకా వెనక్కి వెళ్తే ఇంకొకటి. "రాజమండ్రిలో రోడ్డు కం రైలు వంతెన కొత్తలో" అంటే 1974 ప్రాంతం. మా పెద్దత్త, నాన్నకి ఉద్యోగం పుష్కరాలు వెళ్లిన ఏడాదికి వచ్చిందంది. అప్పటికి నేను ఇంకా పుట్టలేదు కాబట్టి 1991 పుష్కరాలు కాదు, 1979వి. అంటే ఉద్యోగం 1980లో. ఆయన సర్వీసు పుస్తకంలోనూ అదే ఉంది.

ఊరు, జిల్లా చెప్పేటప్పుడు కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. మా పెదనాన్న ఆ ఇంట్లోనే పుట్టి ఆ ఇంట్లోనే పోయాడు. పుట్టింది తూర్పుగోదావరిలో, పోయింది కోనసీమలో.

ఇంత చేసి, చివరికి ఈ ఏళ్లలో ఒకటో రెండో మాత్రమే కాగితం మీదికి రానివ్వండి. సభలో తప్పు సంవత్సరం చెబితే వెనక వరసలో ఎవరో ఒకరు "కాదండీ" అంటారు, అక్కడితో మీ గొంతు పోతుంది. అందుకే ఈ జాగ్రత్త. అంతేగాని అన్నీ చదివి వినిపించడానికి కాదు.

ఒక్క సంగతి ఎంచుకోండి

కృష్ణదేవరాయలు పోయాక ఆయన ఆస్థాన కవి చెప్పాడని ప్రచారంలో ఉన్న చాటుపద్యం బడిలో చాలామంది చదువుకునే ఉంటారు. రాజు ఎంత గొప్పవాడో ఆ కవి చెప్పడు. ఎదురుపడితే ఏనుగుని ఆపి, చేయందించి ఎక్కించుకున్నాడంటాడు. పల్లకీని తన చేత్తో పట్టి ఎత్తాడంటాడు. కాలికి గండపెండేరం తానే తొడిగాడంటాడు. అన్నీ చేతులతో చేసిన పనులు. ఇప్పుడు నాకు అలాంటివాడు లేడు, బతికున్న శవంలా ఉన్నానంటాడు. అంతే. మనకి ఏనుగూ పల్లకీ లేకపోయినా పద్ధతి అదే. మీ నోటుబుక్కులో ఉన్నవాటిలో, పోయిన మనిషి చేతులు కనిపించే సంగతి ఏదో చూడండి. అలాంటివి రెండు మూడు ఉంటే, ఆ మనిషి తప్ప ఇంకెవరూ చేయరని ఊరు ఒప్పుకునేది ఏదో అది ఉంచండి. మిగతావి మీ పిల్లలకి చెప్పుకోండి.

నేను నాన్న గురించి రాసిన మొదటి ప్రతిలో, లస్కరు కాబట్టి ధవళేశ్వరం నుంచి మొదలుపెట్టాను. కాటన్ దొర, 1852లో పూర్తయిన ఆనకట్ట, డెల్టా పచ్చబడటం, అన్నీ. నిజాలే. కానీ కాటన్ దొరకి ఊరూరా విగ్రహాలున్నాయి, మా నాన్నకి ఉన్నది ఆ నాలుగు నిమిషాలే. అదంతా కొట్టేశాను. చివరికి మిగిలినదాంట్లో అసలు ముక్క ఇదీ:

"మా నాన్న పేరు చెబితే మీలో చాలామందికి ముందు టార్చిలైటు గుర్తొస్తుంది. దాళ్వాలో మన కాలవకి వంతు వచ్చిన రాత్రి ఆయన ఇంట్లో పడుకోగా నేను చూడలేదు. ఒకేడు శివారు పొలాలకి నీళ్లు అందలేదు. ఒకాయన రాత్రి పదకొండింటికి మా అరుగు మీదకొచ్చి నాన్నని తిట్టరాని తిట్లు తిట్టాడు. అమ్మ తలుపు చాటున నిలబడి ఏడుస్తోంది. నాన్న అంతా విన్నాడు. 'అన్నం తిన్నావా?' అనడిగాడు. మూడు సెల్లుల టార్చి తీసుకుని, ఆయన్ని వెంటబెట్టుకుని గట్టు మీద నడిచాడు. పైన బోదెకి ఎవరో గడ్డిమోపులు అడ్డం వేసి నీళ్లు తమ చేలోకి తిప్పుకున్నారు. ఆ ఎవరో మా మావయ్య. నాన్న బోదెలోకి దిగి ఆ మోపులు తనే తీశాడు. ఆ తర్వాత రెండు సంక్రాంతులు మావయ్య మా గడప తొక్కలేదు. నాన్న మాత్రం ప్రతి వంతుకీ ఆ బోదె దగ్గర ఓసారి ఆగి లైటు వేసి చూసేవాడు. మావయ్య చేలోకి కూడా నీళ్లు సరిగ్గా వెళ్తున్నాయో లేదోనని."

ఇందులో మంచివాడు అన్న మాట ఎక్కడా లేదు చూడండి.

చెప్పేముందు అడగాల్సిన మనిషి

మావయ్య ఆ రోజు ముందు వరసలో కూర్చుంటాడు. ఆయన పరువు నా చేతిలో ఉంది. అందుకని తొమ్మిదో రోజు సాయంత్రం వాళ్లింటికెళ్లి కాగితం చదివి వినిపించాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "చెప్పవే అమ్మాయ్. కాకపోతే అడ్డుకట్ట అని రాశావు, అది రెండు గడ్డిమోపులే, అలా రాయి" అన్నాడు. మార్చాను. మీ మాటల్లో బతికున్న మనిషి ఎవరొచ్చినా ఇలా వెళ్లి అడగండి. వద్దంటే తీసేయండి, దాని మీద వాదన పెట్టుకోకండి.

అడిగినా అడక్కపోయినా కాగితం మీదికి రాకూడనివి కొన్ని ఉన్నాయి. ఆస్తి, వాటాలు, ఎవరికెంత ఇచ్చాడన్నది. ఆసుపత్రి బిల్లులు, డాక్టర్లు చేసిందీ చేయనిదీ. కులం గొప్ప. అన్నిటికంటే ముఖ్యంగా "ఆఖరి రోజుల్లో నేనే చూసుకున్నాను" అన్న మాట. మీరు మామూలుగానే అన్నా, అది నేరుగా మీ అన్నగారికో వదినగారికో తగులుతుంది. భోజనాల దగ్గర మొదలైన గొడవ సంవత్సరీకాల దాకా నడుస్తుంది. నేను చూశాను.

చిన్న చిన్న లోపాలు మాత్రం ఉండనివ్వండి. నాన్నకి లెక్క రాదు, పాలవాడు ఎంతంటే అంత ఇచ్చేవాడు. అది చెప్పినప్పుడు పాలవాడితో సహా అందరూ నవ్వారు. పెద్దకర్మలో నవ్వు తప్పేమీ కాదు.

మరి పోయిన మనిషి నిజంగానే మంచివాడు కాకపోతే? ఒకబ్బాయి నా దగ్గరికి అలాగే వచ్చాడు. తండ్రి తాగుబోతు, తల్లిని కొట్టేవాడు. ఊరంతటికీ తెలుసు. "దేవుడని ఎలా చెప్పనండీ?" అన్నాడు. చెప్పొద్దన్నాను. అబద్ధం ఆడొద్దు, అక్కడ తీర్పూ చెప్పొద్దు. నిజమై ఉండి మనసుకి ఒప్పే మాట ఒక్కటి వెతుక్కో, దొరక్కపోతే దండేసి వచ్చేయ్. అతను వారం ఆలోచించి రెండే వాక్యాలు చెప్పాడు: "మా నాన్నకి ఎంత ఎత్తు చెట్టైనా ఎక్కడం వచ్చు. మాతో మాట్లాడటం రాలేదు." మైకు పెట్టేసి వాళ్లమ్మ పక్కన కూర్చున్నాడు. నేను రాసిపెట్టినవేవీ దాని దరిదాపులకి రావు.

భాష

ఇంట్లో ఎలా అంటారో అలాగే. "నాన్న వచ్చాడు" అనేవాళ్లు మైకు ముందు "మా పితృదేవులు విచ్చేసేవారు" అంటే ముందు వరసలో అత్తలు మొహాలు చూసుకుంటారు. మీ ఇంట్లో "నాన్నగారు వచ్చారు" అనడమే అలవాటైతే అదే ఉంచండి. ఏదైనా మొదటినుంచి చివరిదాకా ఒకటే ఉండాలి. తీరని లోటు, ఆత్మకు శాంతి, అశ్రునివాళి ఇవన్నీ ఫ్లెక్సీ మీద ఎలాగూ ఉంటాయి. అందరూ అది చదివే లోపలికొచ్చారు. వాట్సాప్‌లో వచ్చిన నివాళిని ఎత్తి రాయొద్దని వేరే చెప్పాలా? మా పక్క ఊళ్లో ఒకాయన అలా చదువుతూ మధ్యలో వేరే మనిషి పేరు చదివేశాడు. పాపం, అది మార్చడం మర్చిపోయాడు.

ఎవరు మాట్లాడాలన్నది ఇంకా మగవాళ్లే తేల్చేస్తున్నారు. నాకు కూడా "ఆడపిల్లకెందుకమ్మా, తమ్ముడు చెప్తాడులే" అన్నారు. తమ్ముడే "నాకు రాదు, అక్క చెప్తుంది" అన్నాడు కాబట్టి సరిపోయింది. మీ ఇంట్లో అలాంటి తమ్ముడు లేకపోతే మొదటి మూడు రోజుల్లోనే పెద్దాయన ఎవరో ఒకరిని మీవైపు తిప్పుకోండి. ఆ రోజు పొద్దున్న అడిగితే ఇవ్వరు.

మా చెల్లెలు కువైట్‌లో ఉంది, సెలవు దొరకలేదు. వాయిస్ మెసేజ్ పెట్టింది. ఫోను మైకు దగ్గర పెట్టి చూస్తే గరగర తప్ప ఏమీ వినపడలేదు. ఆ మాటలు కాగితం మీద రాసుకుని "ఇది చిన్నది చెప్పమన్న మాట" అని నేనే చదివాను. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు లేని ఇల్లు ఇక్కడ తక్కువే కాబట్టి ఇది ముందే చూసుకోండి.

కాగితం, గొంతు, మైకు

ఫోనులో చూసి చదవొద్దు. ఎండలో తెర కనపడదు, మధ్యలో ఎవరో పలకరింపు ఫోను చేస్తారు. కాగితానికి ఒకవైపే, పెద్ద అక్షరాలతో, వరసకీ వరసకీ మధ్య ఖాళీ వదిలి రాయండి. రెండు కాపీలు చేయండి. రెండోది మీ వెనకాల నిలబడే మనిషి చేతిలో ఉండాలి. మీరు ఆగిపోతే అక్కడినుంచి అందుకుని చదవడం వాళ్ల పని. ఆ ధైర్యం ఉంటే చాలావరకు ఆ అవసరమే రాదు.

పైకి చదవండి, మనసులో కాదు. నేను సాయంత్రం కాలవ గట్టు మీద చదువుకున్నాను, బాతులు తప్ప వినేవాళ్లు లేరు. ఫోనులో టైము పెట్టి చూసుకోండి. నాకు ఒకటిన్నర పేజీకి నాలుగు నిమిషాలు పట్టింది. సభలో ఇంకో నిమిషం ఎక్కువే పడుతుంది. చదువుతుంటే ఒకచోట ప్రతిసారీ గొంతు పట్టేస్తుంది. అది ఎక్కడో మీకు రెండోసారికే తెలిసిపోతుంది. నాకు "అన్నం తిన్నావా" దగ్గర. అక్కడ ఎర్ర పెన్నుతో అడ్డగీత గీసి, ముందు వాక్యం చివర ఆగి ఊపిరి పీల్చుకోవడం అలవాటు చేసుకున్నాను. అయినా ఏడుపొస్తే రానివ్వండి. ఓ గుక్క నీళ్లు తాగి మళ్లీ ఆ వాక్యం మొదటినుంచి చదవండి. క్షమించమని మాత్రం అడక్కండి, ఏడ్చినందుకు అక్కడ ఎవరికీ చెప్పుకోవాల్సిన పని లేదు.

మైకు సెట్టు కుర్రాడితో ముందే మాట్లాడి పెట్టుకోండి. జనరేటరు టెంటు పక్కనే పెడితే ఎవరి మాటా వినపడదు, దూరం జరపమనండి. మీరు చదువుతుండగా సర్పంచిగారో ఎమ్మెల్యేగారో వస్తారు, అందరూ లేస్తారు, కుర్చీలు చప్పుడవుతాయి. ఆగండి. వాళ్లు కూర్చున్నాక మళ్లీ మొదలుపెట్టండి. వచ్చినవాళ్లకి ధన్యవాదాలు, భోజనం చేసి వెళ్లమనే మాట, ఇవి వేరే ఎవరికైనా అప్పజెప్పండి. మీ చివరి వాక్యం అయిపోగానే కాగితం మడిచి దిగిపోవడమే.

ఆ కాగితం పారేయకండి. నేను జిరాక్సులు తీయించి మావయ్యకొకటి, పెద్దత్తకొకటి, ఆ శివారు పొలం ముసలాయనకొకటి ఇచ్చాను. సంవత్సరీకాలకి వెళ్లినప్పుడు పెద్దత్త బీరువాలోంచి తనది తీసి, నాన్న టార్చి కూడా తీసి, నా ముందు పెట్టింది. వెనక మూత విప్పి చూపించింది.

"మూడు సెల్లులని చదివావు కదే ఆ రోజు. రెండే పడతాయి ఇందులో. కొట్టేసి రాయి."

పెన్ను తీసుకుని కొట్టేసి రాశాను.